మెరుపు మొహం మీద నా చొక్కా

2014 మార్చి, గురువారం

మెరుపుని ఇక ఊరి జాతర తీర్థాల్లో పందాలు మాన్పించి, ఆడగుర్రాలతో జతకట్టిద్దామా అని నెలరోజులుగా బావని అడుగుతున్నాను. గుర్రం మా ఇద్దరిదీ. "సూద్దాంలే" అనేవాడు.

ఇవాళ రాజాం నుంచి వచ్చేసరికి మెరుపు కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడి ఉంది. తొడల మధ్య నెత్తురు.

"వట్టలు తీయించేసినాను. ఇంకో నాలుగేళ్ళు బుద్ధిగా పరిగెడతాది. ముందే సెప్తే నువ్వు ఒప్పుకుంటావేటి?" అన్నాడు బావ.

నన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వని గుర్రం. ఎలా లొంగిందని అడిగాను.

"నీ సొక్కా మొహానికి కప్పినాం. నువ్వే అనుకుని, డాక్టరు సూది ఏసేదాకా కదల్లేదు."

బావతో మాట్లాడటం మానేస్తాను, అది తేలికే. ఆ పని చేసింది నేను కాదని మెరుపుకి ఎలా చెప్పను? ఇందాక మెడ నిమరబోతే నా చెయ్యి వాసన చూసి వెనక్కి జరిగింది.