గ్రేస్ టీచర్ గ్యారేజీలో నాలుగు మచ్చలు

టేకులపల్లి

చి. జస్టిన్‌కు, ఎనిమిదో తరగతిలో నీకు లెక్కలు చెప్పిన గ్రేస్ టీచర్ రాస్తున్నది.

ఫోను చేస్తే ఎత్తవు. రిజిస్టర్ పోస్టయితే సంతకం పెట్టి తీసుకోక తప్పదని ఉత్తరం రాస్తున్నాను. మా గ్యారేజీ నేలకు ఎపాక్సీ పూత వేసి, "ఇగ మీ తరం పోయినా ఈ నేల పోదు టీచర్" అన్నావు. మా తరం ఇంకా ఉంది, నేలే పోయింది. గోడ వారన వరుసగా నాలుగు గుండ్రటి మచ్చలు. గోకితే పూత అప్పడంలా లేచి వస్తోంది. వచ్చే నెల చర్చి స్త్రీల సమాజం కూడిక ఆ గ్యారేజీలోనే. ఆ కూడికకు వచ్చే, పాలరాయి ఇల్లున్న సంపూర్ణ నోరు నీకు తెలియదు. వచ్చి బాగుచెయ్యి.

నీ మేలు కోరే,
గ్రేస్

తా.క.: నువ్వు లెక్కల పుస్తకానికి వేసిన అట్ట కూడా వారం తిరక్కుండానే ఊడేది.

ఖమ్మం

గౌరవనీయులైన టీచర్ గారికి, జస్టిన్ వందనాలు.

మాది ప్రొఫెషనల్ పని. రాకుండానే చెప్పగలను. మచ్చలు నాలుగు, కారు చక్రాలు నాలుగు. పూత పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుందని, అప్పటిదాకా కారు పెట్టొద్దని మీ వారు జయరాజ్ సార్‌కు చెప్పాను. పచ్చి పూత మీద వేడి టైరు నిలిస్తే అంటుకుని లేస్తుంది. వాడకం రానివాళ్ళకు గ్యారంటీ వర్తించదు.

విధేయుడు,
జస్టిన్, ప్రొప్రయిటర్

తా.క.: సార్‌ను గట్టిగా అడగండి. కారు విషయంలో మగవాళ్ళు ఇంట్లో నిజం చెప్పరు. నేనూ చెప్పను.

టేకులపల్లి

ప్రొప్రయిటర్ గారికి,

నీ మాట పట్టుకుని మా ఆయన్ను నిలదీశాను. కారు చింతచెట్టు కిందనుంచి కదల్లేదన్నాడు. ఒట్టు పెట్టమన్నాను. "బైబిలు వాక్యంలో ఒట్టు వద్దన్నరు, లేకుంటే పెట్టేటోణ్ణి. నా మాట కన్న ఆ పూతలేసేటోని మాట ఎక్కువైందా నీకు?" అని సంచీ సర్దుకుని బోనకల్‌లో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అలిగి గడప దాటడం ఇదే మొదలు. ఒక్కదానికి అన్నం వండుకోబుద్ధి కావడం లేదు. నీకు ఇప్పుడు చల్లగా ఉందా?

గ్రేస్

తా.క.: కారు తాళం ఇక్కడే వదిలిపోయాడు. నాకు నడపడం రాదు.

ఖమ్మం

టీచర్ గారికి వందనాలు.

తప్పు చేయని మనిషి ఇల్లొదిలి ఎందుకు పోతాడు? సార్ బోనకల్ వెళ్ళడమే సాక్ష్యం. మీ నేల ఫోటో పంపండి, వాడకం తెలియకపోతే ఏమవుతుందో మిగతా కస్టమర్లకు చూపిస్తాను.

జస్టిన్

తా.క.: గ్యారేజీ ప్రతిష్ఠ ప్రార్థన నాడు మీరు పెట్టిన బిర్యానీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

టేకులపల్లి

ఒరేయ్ జస్టిన్,

నీ ఉత్తరాలన్నిటిలో పనికొచ్చింది ఆ చివరి ముక్క ఒక్కటే. అది చదివి అటక మీది పెద్ద బిర్యానీ గిన్నెలు, ఆ దేగిసలు దింపించి మచ్చల మీద పెట్టి చూశాను. నాలుగూ అంచుకు అంచు సరిపోయాయి.

పూత వేసిన మూడో రోజు ప్రార్థన. పొయ్యి మీదనుంచి తీసిన దేగిసలు చెక్కబల్ల మీద పెట్టమని నేనంటే, చొక్కా చేతులు పైకి మడిచి, "జరగండి టీచర్, ఈ నేల మీద నిప్పులు పోసినా ఏంగాదు, నాది గ్యారంటీ" అని నాలుగూ గోడ వారన దించింది ఎవరు? నువ్వే. ముక్కల కోసం అందరికన్నా ముందు పళ్ళెం పట్టుకున్నదీ నువ్వే. నాలుగు చక్రాలూ ఒకే వరుసలో ఉండే కారు ఎక్కడైనా ఉందిరా? ఆ సంగతి తట్టక ఆయన్ను దొంగను చేసినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నేల సంగతి తర్వాత. ముందు బోనకల్ వెళ్ళు. వాళ్ళ అక్క వినేలా తప్పు నీదని చెప్పి, ఆయన్ను వెంటబెట్టుకుని రా. ఆయన లేని ఇంట్లో నేల మెరిస్తే ఎంత, మెరవకపోతే ఎంత.

గ్రేస్

తా.క.: ఆయనొచ్చిన రోజు బిర్యానీ వండుతాను. దేగిస ఆయన దించుతాడు. నువ్వు చింతచెట్టు కింద కారు పక్కన కూర్చుని తిను.