లోపలి సెగ

శ్రీరాంపూర్ కాలనీ,
13 జులై 2025, ఆదివారం.

ప్రియమైన మేనకోడలు ఆరాధనకు, నీ మేనమామ యెషయా ఆశీర్వదించి రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ కరీంనగర్‌లో నువ్వూ, నీ ల్యాబూ, రోజూ నీ సూదికి చెయ్యి చాచే జనమూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో చెబితే మధ్యలో నువ్వు ఏడుస్తావు, మధ్యలో నేను నవ్విస్తాను, అసలు సంగతి ఎటో పోతుంది. పైగా మీ బాపు మూడు రోజులుగా నీ ఫోన్ ఎత్తడం లేదు. స్నానంలో ఉన్నాడని మీ అవ్వ, మా అక్క, చెబుతోంది కదా. మూడు రోజులు స్నానం చేసిన మనిషి ఎంత తెల్లగా ఉండాలి? మీ బాపు ఎప్పటి రంగులోనే ఉన్నాడు. గురువారం మెడికల్ బోర్డు అయింది. అందుకే ఆ స్నానం.

నీ రూములో ఉండే ఏంజెల్‌కు ఈ ఉత్తరం చదివి వినిపిస్తావని తెలుసు. ఆ పిల్లది బొగ్గు ఊరు కాదు, మన లెక్కలు ఆమెకు తెలియవు. అమ్మా ఏంజెల్, మా దగ్గర కార్మికుడి ఒళ్లు పాడై ఇక గనిలో పని చెయ్యలేడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, అతని కొడుక్కో బిడ్డకో ఉద్యోగం వస్తుంది. లోకమంతా డాక్టరు దగ్గరికి బాగుపడాలని పోతే మా మగవాళ్లు బోర్డుకు చెడిపోయామని చూపించుకోవడానికి పోతారు. అన్‌ఫిట్ వచ్చినవాడి ఇంట్లో మిఠాయి పంచుతారు. ఫిట్ వచ్చినవాడి ఇంటికి పరామర్శకు పోతారు. వేరే చోట పొలం చూసి సంబంధం కలుపుకుంటారట, మా కాలనీలో తండ్రి కాలేయం చూసి కలుపుకుంటారు.

ఆ లెక్కన పోయిన వానాకాలంలో మీ బాపు కాలనీలో పెద్ద ఆస్తిపరుడు. కళ్లు పసుపు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండేది. పొట్ట ముందు నడిస్తే మనిషి వెనక వచ్చేవాడు. బోర్డుకు దరఖాస్తు పెట్టింది అప్పుడే. ఆయనతో పనిచేసే మొండయ్య రోజూ, గని దిగేవాళ్లకు నేను దీపాలిచ్చే లాంపు రూము కిటికీ దగ్గర నిలబడి, "ఎబినేజర్ అన్నా, నీ పొట్టల ఉన్నది లివర్ గాదే, నీ బిడ్డ నౌకరీ. జర పైలంగ మోసుకరా" అనేవాడు. క్యాప్ లాంపు తీసుకుంటూ మీ బాపు కూడా నవ్వేవాడు. ఆ నోటి వాసనకు నేను లాంపు ఇచ్చి ముఖం తిప్పుకునేవాణ్ని.

కాలేయం వాచిందని డాక్టరు చెప్పినప్పుడు కూడా మొండయ్యే వైద్యం చెప్పాడు. "వాపు అంటె ఒంట్ల వేడే గద. వేడికి పొద్దటి కల్లును మించిన చలువ ఏమున్నది?" అన్నాడు. అప్పటి నుంచి పొద్దున కల్లు మందుగా, సాయంత్రం బ్రాందీ అలవాటుగా నడిచింది. ఒక్క రోగికి రెండు పూటలా ఇంత శ్రద్ధగా వైద్యం జరగడం నేను ఎక్కడా చూడలేదు.

క్రిస్మస్‌కు నువ్వు వచ్చావు. కేక్ తెస్తావనుకుంటే సూది తెచ్చావు. ఆయన రక్తం తీసుకుపోయి, మళ్లీ ఆదివారం వచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని నువ్వు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. మందు రోజూ పడితే పేగు గోడ పలచబడుతుందన్నావు. పేగులో ఉండాల్సిన విషం రక్తంలోకి జారుతుంది, దాన్ని చంపడానికి ఒళ్లే లోపల మంట పుట్టిస్తుంది, ఆ మంట ఆరే లోపలే మళ్లీ గ్లాసు పడుతుంది అన్నావు. ముందు కాలేయం వాస్తుంది, పోనుపోను ఆ సెగ మెదడుకూ తగులుతుంది, సెగ తగిలిన మెదడు మళ్లీ మందే అడుగుతుంది అన్నావు.

అంతవరకు గోడవైపు చూస్తున్న మీ బాపు అప్పుడు తల తిప్పాడు. "అంటె బిడ్డా, రోజు పొద్దుగూకంగ మందు అడిగేది నేనా, ఆ వాపా?" అన్నాడు.

"కొంత నువ్వు, కొంత వాపు. నీ వంతు నువ్వు ఆపితె దాని వంతు అదే తగ్గుతది బాపూ" అన్నావు నువ్వు.

ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని, "గంతేనా, మన పాత పనుల సెగ లెక్క" అన్నాడు. ఏంజెల్ కోసం చెబుతున్నా. గనిలో బొగ్గు తీసి వదిలేసిన చోట మిగిలిన బొగ్గు దానంతట అదే వేడెక్కుతుంది. మంట కనబడదు, చెమట వాసన లాంటి వాసన ఒకటి వస్తుంది. నీళ్లు కొడితే అక్కడిదాకా చేరవు. దారులన్నీ గోడ కట్టి గాలి ఆపేసి నెలల తరబడి ఓపిక పట్టాలి. మీ బాపు ఆ గోడలు కట్టే ముఠాలో మనిషి. ఆయన కట్టిన గోడ నుంచి గాలి పోయిందని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. "గాలి బంద్ జెయ్యాలె, అంతే గద" అన్నాడు.

అప్పుడు మీ అవ్వ, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, మరి బోర్డు సంగతి ఏమిటని అడిగింది. నువ్వు చెప్పిన జవాబు నేను లాంపు రూములో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "నౌకరీ నేను ఎక్కడన్న దేవులాడుకుంట అవ్వా. బాపు లివర్ ఏ దుకాణంల దేవులాడాలె?" అన్నావు. నేను మెట్‌పల్లి పక్క పల్లెటూరి బడిలో ఏడు చదివి ఆగినవాణ్ని. కానీ మా ఇంట్లో పుట్టిన పిల్ల ఆ మాట అన్నదని ఆ రోజంతా షర్టు పై గుండీ కూడా పెట్టుకుని తిరిగాను.

ఒక్కసారిగా ఇంట్లో మానెయ్యడం ప్రమాదమని నువ్వే ఆస్పత్రిలో చేర్పించావు. ఆ వణుకు, ఆ చెమట నువ్వూ చూశావు. నువ్వు లేనప్పుడు ఒకసారి నన్ను చూసి "నీకు రెండు తలకాయలున్నయి యెషయా" అన్నాడు. రెండిట్లో ఒక్కదానికైనా తెలివి ఉన్నట్టు కనబడుతోందా బావా అని అడిగాను. చాలా పరీక్షగా చూసి, లేదన్నాడు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది, మనిషి బాగవుతున్నాడని.

తరువాత అంతా మెల్లగా జరిగింది. ముందు కాళ్ల వాపు దిగింది. వంగి తన బూట్ల దారం తనే కట్టుకున్న రోజు, కట్టి, విప్పి, మళ్లీ కట్టాడు. కళ్లలో పసుపు పోయింది. వాపు తగ్గిందని నువ్వు పంపిన రక్తం రిపోర్టును చాయ్ దుకాణంలో పదో తరగతి ఫలితం లాగా అందరికీ చూపించాడు. అందరూ సంతోషించాల్సింది పోయి ముఖాలు వేలాడేశారు. "బోర్డు ముందర పెట్టుకొని గిట్ల బాగయితె ఎట్లనే అన్నా?" అని మొండయ్య తల పట్టుకున్నాడు. చర్చిలో సగం మంది ఆయన బాగుపడాలనీ, సగం మంది బోర్డు అయ్యేదాకా ఆగి బాగుపడాలనీ ప్రార్థన చేశారు. దేవుడు కూడా పరేషాన్ అయ్యుంటాడు.

బోర్డుకు వారం ముందు మొండయ్య ఒక సీసా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఈ వారం తాగితే రక్తం మళ్లీ చెడుతుంది, బోర్డు అయిపోయాక మానుకో అని దాని భావం. మీ బాపు సీసా వైపు చూశాడు. "గోడ కట్టినంక ఒక్క ఇటుక గుంజినా లోపటి సెగ మంటయితది. మళ్ల కట్టనీకి మనిషి మిగులడు" అన్నాడు. సీసా తిరిగి పోయింది.

గురువారం బోర్డులో డాక్టరు పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒక్క మనిషేనా అని అడిగాడట. ఫిట్ రాశారు.

బయట బల్ల మీద మీ బాపు జేబు కొట్టి దొరికిపోయినవాడిలా కూర్చున్నాడు. "నా బిడ్డ నౌకరీ నేనే మింగిన యెషయా, దానికి ముఖమెట్ల సూపియ్యాలె?" అన్నాడు. నేను లేచి మిఠాయి దుకాణానికి పోయి జిలేబి కట్టించుకుని గల్లీ అంతా పంచాను. అందరూ సంబరంగా తీసుకుని, "ఎవలికచ్చింది అన్‌ఫిట్?" అని అడిగారు. "ఎవలికి రాలే. మా బావ ఫిట్టయిండు, తినుండ్రి" అన్నాను. జిలేబి నోట్లో పెట్టుకుని, నమలాలా వద్దా అని తెలియక అందరూ నా ముఖం చూశారు. మొండయ్య మాత్రం నమిలి మింగి, ఇంకోటి అడిగాడు.

బిడ్డా, ఈ గనుల్లో పిల్లలకు ఉద్యోగం ఇచ్చిన తండ్రులు గల్లీకి నలుగురుంటారు. బిడ్డ చెప్పిన మాట విని, బతికి, డ్యూటీకి పోతున్న తండ్రిని నాకు ఇంకొకణ్ని చూపించు. రేపు మొదటి షిఫ్టుకు వచ్చి లాంపు అడుగుతాడు. బాగా తుడిచింది పక్కన తీసి పెట్టాను. నువ్వు ఆయనకు చెయ్యకు, నా ఫోన్‌కు చెయ్యి, ఎత్తి ఆయన చెవికి పెడతాను. ఓదార్చకు. శభాష్ అను.

ఇట్లు,
నిన్ను చూసి తల ఎత్తుకు తిరిగే నీ మామ,
యెషయా

తా.క.: ఉత్తరం అయిపోయాక మీ అవ్వ చదివి వినిపించమన్నది. మొండయ్య సీసా తెచ్చిన దగ్గరికి వచ్చేసరికి, బియ్యం చేట పక్కన పెట్టి, "ఆపు తమ్మీ. మొండయ్య పాపం ఏం జేసిండు? నా పేరు రాయి" అన్నది.

కాబట్టి నిజం రాస్తున్నా. సీసా తెచ్చింది మీ అవ్వ. జన్మలో ఆ దుకాణం మెట్టు తొక్కని మా లచ్చవ్వక్క, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని పోయి తెచ్చింది. పక్కన శనగ గుడాలు వేయించి పెట్టి, "బిడ్డ కోసం, ఒక్క వారం" అని అడిగింది. మీ బాపు ఇటుక మాట చెప్పింది ఆమెకే. చెప్పి, గుడాలు మొత్తం తిని, సీసా మూత తియ్యకుండా ఆమె చేతికే ఇచ్చాడు.

నువ్వు బాధపడతావని ఆమె పేరు దాచాను. ఆమెకు ఆ ఫికర్ లేదు. "ఇన్నేండ్లు తాగకు తాగకు అని మొత్తుకున్న, ఇనలే. ఒక్కసారి తాగు అన్న, గప్పుడు గూడ ఇనలే. గీ మనిషి నా మాట ఎన్నడిన్నడు తమ్మీ?" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "గిది గూడ రాయి, బిడ్డకు తెలువాలె" అన్నది. రాశాను.