దీపాలు పెట్టినాక ఉప్పు

మార్కాపురం

చి. ఉమామహేశ్వర్లుకు మామ రంగనాయకులు ఆశీస్సులతో రాసేది. ఫోన్లో అరిస్తే గిరాకీ వింటారని ఉత్తరం రాస్తున్నా.

మన దుకాణానికి నువ్వు చేసిచ్చిన బిల్లుల సాఫ్ట్‌వేర్ ఎదురు దుకాణం పుల్లారావు కంప్యూటర్లో కనిపించింది! అడిగితే, ‘మీ అల్లుడే లోకానికంతా ఊరికే ఇచ్చినాడు’ అన్నాడు. ఏందిరా ఇది?

ఇట్లు,
మీ మామ

తా.క. రాత్రి పదిదాకా గిరాకీ. అన్నం చల్లారిపోతోందని మీ అత్తయ్య రోజూ సణుగుడే.

బెంగళూరు

మామయ్యకు నమస్కారాలు.

అవును, అందరికీ ఇచ్చా. ఏడాదిగా నా ఆదివారాలన్నీ దానికే. ఎవరైనా వాడుకోవచ్చు, బాగు చేయొచ్చు. మార్పులు చూసేవాళ్లలో ఒకరు సరేనంటే ఆ మార్పు అన్ని దుకాణాలకూ వెళ్తుంది. ఎవరికీ జీతం లేదు. కొమరోలు టీచరొకాయన తెలుగు మాటలు రాశారు. గిద్దలూరు హన్నా కొత్తవాళ్లకు ఫోన్లోనే పని నేర్పుతోంది.

మీ ఉమా

తా.క. హన్నా శిష్యుల్లో ‘ఇంటిదీపం’ అని ఒకరున్నారు. అసలు పేరు చెప్పరు. భలే బుర్ర.

మార్కాపురం

ఉమాకు, ఆశీస్సులు తర్వాత. ముందు ఇది విను.

నిన్న దీపాలు పెట్టినాక పెద్దారవీడు వెంకటసుబ్బయ్య వచ్చి ఉప్పు అడిగినాడు. బిల్లు కొడితే ‘ఈ వేళ ఉప్పు అమ్మితే లక్ష్మి వెళ్లిపోతుంది’ అని పడింది! పుల్లారావు పనేనని రోడ్డు దాటబోయినా. వాడూ నా మీదికే వస్తున్నాడు. వాడి దాంట్లోనూ ఉప్పు బందే! అది తీసెయ్, లేకుంటే కంప్యూటర్ మూటగట్టి బస్సుకేస్తా.

మండిపోతున్న
మీ మామ

తా.క. మీ అత్తయ్యదీ పెళ్లయిన నాటినుంచి ఇదే పాట. నేనెప్పుడు విన్నాను గనక!

బెంగళూరు

మామయ్యకు భయంభయంగా నమస్కారాలు.

నేనూ అదిరిపోయా. రాసింది ఇంటిదీపం. మార్పులు చూసే జర్మనీ ఆయన ‘చీకటిపడితే ఉప్పుకేమవుతుంది?’ అని అడిగాడు. ‘ఉప్పుకేం కాదు, లక్ష్మి వెళ్లిపోతుంది’ అని జవాబొచ్చింది. ఆయన ఎక్కడికని కూడా అడగకుండా ఒప్పేసుకున్నాడు. మీరు ఊఁ అంటే మీ దుకాణం వరకు ఆపేస్తా.

మీ ఉమా

తా.క. బస్సుకు మాత్రం వేయకండి. మీరే వద్దంటే మార్కాపురంలో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. నా ఏడాది పని గంగలో కలుస్తుంది.

మార్కాపురం

ఉమాకు ఆశీస్సులు.

ఆపొద్దులే. ‘రంగనాయకులు ఎంత నిష్ఠాపరుడో’ అని తర్లుపాడు ఆడవాళ్లు పొద్దుండగానే వచ్చి ఉప్పుతో పాటు పప్పులూ కొంటున్నారు. చీకటిపడితే పుల్లారావు దగ్గరా దొరకదు గనక నాకు దిగుల్లేదు. ఆ ఇంటిదీపం ఎవరో కనుక్కో, శాలువా కప్పుతా.

ఇట్లు,
మీ మామ

తా.క. కవరు అంటించమని మీ అత్తయ్యకిస్తున్నా.

తా.క. మీద తా.క. నాయనా ఉమా, నేను అనంతలక్ష్మి అత్తను. నాకు శాలువా ఎందుకు? మీ మామ వేళకు అన్నానికొస్తే చాలు. నేను చెబితే వినడు, కంప్యూటర్ చెబితే వింటాడు. సోమవారం నుంచి రాత్రి ఎనిమిదికి బిల్లే ఆగిపోతుంది. జర్మనీ ఆయన వెంటనే సరేనన్నాడు, వాళ్ల ఊళ్లోనూ ఎనిమిదికే మూస్తారంట. పుల్లారావు పెళ్లామైతే ఏడున్నర చేయమంటోంది.