కృతజ్ఞతా కూడికలో నా సాక్ష్యం

తాడేపల్లిగూడెం, 2006 సెప్టెంబరు 10, ఆదివారం



గర్భసంచి ఆపరేషన్ తర్వాత నేను లేచి తిరుగుతున్నానని ఇవాళ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. పాటలయ్యాక పాస్టరు గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు.

"నా గర్భసంచిలోవి మామూలు గడ్డలేనని డాక్టరమ్మ గారు ముందే చెప్పారండీ. దేవుడు నా రోగాన్ని వేళ్లతో సహా పీకేశాడండీ" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. మా ఆయన మాత్రం తల వంచుకుని కళ్లు తుడుచుకున్నారు. సంతోషం పట్టలేకపోయారనుకున్నాను.

అందరూ భోంచేసి వెళ్లాక ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నిన్న ఏలూరు ల్యాబుకెళ్లి రిపోర్టు తెచ్చాను రూతూ. తీసేసిన ఆ సంచిలో క్యాన్సర్ ఉందంట."

"మరి నిన్ననే చెప్పలేదేమండీ?"

"అందర్నీ పిలిచేశాం కదా. ఈ ఒక్క పూటైనా నవ్వుతూ ఉంటావని."

ఆపరేషన్ రోజు డాక్టరమ్మ గారు ఆ సంచిని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టించి పరీక్షకి పంపమంటే, తీసేసినదానికి పరీక్ష దేనికని మంచం మీదనుంచే విసుక్కున్నాను. ఆయన నా మాట వినలేదు. ఆ డబ్బాని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లారు.

ఇంకా లోపల ఏమైనా మిగిలి ఉంటుందా? రేపు డాక్టరమ్మ గారిని అడగాలి. నాకు నొప్పి కూడా లేదు. ఇవాళ రెండుసార్లు అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాను.

వేళ్లతో సహా అన్నాను. ఆ మాట డాక్టరమ్మ గారు కూడా అనలేదే. నాకెవరు చెప్పారు?