సత్తెమ్మకు జ్వరం తగ్గిందా

జూన్ 9
కథల యాప్‌లో నా సీరియల్ పన్నెండో భాగం పెట్టి రెండు రోజులు. చదివినవాళ్లు పదిహేడు మంది. వ్యాఖ్య ఒక్కటే, ఎప్పటిలాగే కార్వాన్ లక్ష్మిది. "మా అమ్మకు కండ్లు కానరావు మేడమ్. నేనే చదివి వినిపిస్త. సత్తెమ్మకు జ్వరం తగ్గిందా అని పొద్దుగాల్నించి ఒకటే లొల్లి."
నేను కల్పించిన పూలమ్మే సత్తెమ్మ కోసం ఒకావిడ బెంగపెట్టుకుంది! ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి?

జూన్ 14
యాప్‌వాళ్ల సీరియళ్ల పోటీకి గడువు నెలాఖరు. మొదటి పది కథల్ని పుస్తకాలుగా వేస్తారట. పదకొండేళ్లుగా రాస్తున్నాను, నా పేరున్న అట్ట ఒక్కటీ లేదు. నాకు కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, కావాలి.
రచయితల గ్రూపులో ఒకాయన సలహా: "ఎవర్నైనా చంపండి మేడమ్. ఏడిస్తేనే స్టార్లు పడతాయి."

జూన్ 17
చంపేశాను. పదమూడో భాగంలో, ఆసుపత్రి వరండాలో, పూలబుట్ట పక్కనే. రాస్తూ నేనే ఏడ్చాను...

జూన్ 19
ఫోన్ ఆగడం లేదు. ఏడుపు బొమ్మలు, అయిదేసి స్టార్లు. జాబితాలో ఏడో స్థానం!
ఇంటి ఓనరు యాదమ్మగారికి చూపించబోయాను. "అద్దాలు లోపలున్నయ్ బిడ్డా, మల్ల చూస్త తియ్" అన్నారు. ఆవిడ మళ్లీ అడగలేదు. అలవాటు లేని సంబరంలో రెండు కప్పుల కాఫీ కలిపాను. రెండూ నేనే తాగాను.

జూన్ 20
లక్ష్మి వ్యాఖ్య లేదు.

జూన్ 22
లేదు. అన్ని వందల పేర్లలో ఆ ఒక్క పేరే వెతుకుతున్నాను. మా లాల్‌దర్వాజా నుంచి కార్వాన్ ఏమంత దూరం... ఆటో ఎక్కొచ్చు. ఏ గల్లీలో దిగాలి?

జూన్ 27
అయిదో స్థానం. సంతోషం పావుగంట ఉంది.

జూన్ 29
వచ్చింది. వ్యాఖ్య కాదు, విడిగా మెసేజ్.
"ఆ భాగం అమ్మకు చదవలే అక్కా. సత్తెమ్మకు నయమైందని చెప్పిన. అప్పటిసంది రోజూ నేనే అల్లి చెప్తున్న. ఇగ నాకు వస్తలేదు. 'సక్కగ చదువుతలేవ్' అని అమ్మ తిడుతుంది. జర మీరు రాసియ్యరా? అందరికీ వద్దు. మాకే."
ఎవరూ స్టార్లివ్వని కథ. ఏ పుస్తకంలోనూ పడని కథ. మెసేజ్ ఎన్నిసార్లు చదివానో. మేడమ్ కాస్తా అక్కనయ్యాను. చంపినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

జూన్ 30
గడువు ఈ సాయంత్రం ఆరు. చివరి భాగం పంపకపోతే పోటీలో లేనట్టే. సెలవు పెట్టి పొద్దున్నుంచీ కూర్చున్నాను. సత్తెమ్మ లేని ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పడం లేదు. ఒక్క వాక్యం కదలడం లేదు.
పక్కన విడి కాగితాల మీద మాత్రం నాలుగు పేజీలయ్యాయి. సత్తెమ్మ లేచి గంజి తాగి, బుట్ట ఎక్కడ పెట్టారని అందర్నీ తిడుతోంది.
అయిదున్నర. అయిదో కాగితం తీశాను.