హీటర్ ఉన్న గది

జూన్ 11, 2006. డునెడిన్.

ఈ కింద రాయబోయే సమస్త అకృత్యాలకూ ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. బేషరతుగా, సాష్టాంగపడి... పడేవాడినే, నేల ఐసుగడ్డలా ఉంది. రజాయిలో కూర్చునే పడ్డట్టు భావించవలసిందిగా ఈ పేజీకి మనవి. న్యూజిలాండ్ ప్రభుత్వం వారికి, నన్ను నమ్మి ఎమ్మెస్సీ సీటిచ్చిన యూనివర్సిటీ వారికి, చలికి గడ్డకట్టిన మా అమ్మ ఆవకాయకి, పక్కగదిలో డీన్ దొరగారు పెంచుతున్న గంజాయి మొక్కలకి, పేరు పేరునా. నేనేమీ చేయలేదు. అయినా క్షమించండి.

పరిస్థితి: ఇంట్లో ముగ్గురు మనుషులు (డీన్, జీవన్, నేను), ఒక హీటరు. రెండోది పెడితే ఫ్యూజు ఎగిరిపోతుంది — పెట్టి చూశాం. ఉన్న ఒక్కటీ మొక్కల గదిలో. లీజు డీన్ పేరు మీద ఉంది కాబట్టి చట్టం డీన్ నోట్లో ఉంది. "చలేస్తే ఇంకో జెర్సీ వేసుకో, మేట్." వేసుకున్నా. ఇప్పుడు మోచేతులు వంగడం లేదు.

జూన్ 13

కిటికీ అద్దానికి లోపలివైపు మంచు. గోరుతో నా పేరు రాశాను. మధ్యాహ్నం దాకా చెక్కుచెదరలేదు.

జూన్ 17

థర్మామీటర్ చూసేటప్పుడు డీన్ ముఖం చూడాలి... పురిటిగది బయట తండ్రి. ఆకుల అంచులు ఊదారంగుకి తిరిగాయట. "దే ఆర్ కోల్డ్, మేట్." పాపం. నా పెదాలూ అదే రంగు. వాటి సంగతి ఎవరూ అడగలేదు.

ఆ గది కిటికీకి అడ్డం కట్టడానికి మందపాటిది ఏదైనా ఉందా అన్నాడు. జీవన్‌కి రెండు ఉన్నాయి అన్నాను. సమాచారం ఇచ్చాను, అంతే. జీవన్ వాళ్లమ్మ పాలకొల్లు నుంచి కట్టి పంపిన ఎర్ర కంబళికి ఇప్పుడు నాలుగు మూలలా మేకులు. కొడుతున్నంతసేపూ బిగించి పట్టుకున్నది జీవనే.

"పర్లేదన్నయ్యా. నాకు దుప్పటొకటి చాలండి."

నన్ను కూడా 'అండి' అంటాడు. గోడనీ అంటాడు.

జూన్ 20

జీవన్ గురించి ఒక సంతాప తీర్మానం. వృద్ధాశ్రమంలో కేర్‌గివర్. ముసలివాళ్లని లేపడం, కడగడం, తినిపించడం, తిట్లు తినడం. ఇంటికొచ్చి మళ్లీ నా గిన్నెలు తోమడం — అది వాడి ఇష్టం, నేను వద్దనలేదు. వీసా సెప్టెంబరుతో ఆఖరు. సువార్త ఆంటీ ఇక్కడి హాస్పిటల్లో సీనియర్ నర్సు. ఆవిడ ఒక్క మాట వేస్తే వార్డులో ఉద్యోగం. ఉద్యోగముంటే పర్మిట్. లేకపోతే పాలకొల్లు, అక్కడ ఈ ప్రయాణానికి పొలం అమ్మిన నాన్న.

కాబట్టి ప్రార్థన. గోడ పల్చన, అంతా వినిపిస్తుంది. "ప్రభువా, ఆంటీ మనసులో నా పేరు ఉంచు తండ్రీ..." ఇవతల నుంచి నేను "ఆమేన్" అని గట్టిగా కేకేస్తాను. వాడు నవ్వుతాడు. వెధవ, దాన్ని కూడా ఆప్యాయత అనుకుంటాడు.

జూన్ 25

పొద్దున్నే డీన్ మొక్కల గది తలుపు తీస్తే, కుండీల మధ్య నేల మీద, మంకీ క్యాప్‌తో, ముడుచుకుని జీవన్. చలికి ఓర్వలేక ఎప్పటినుంచో అక్కడే పడుకుంటున్నాడట. మొక్కలు లేవకముందే లేచి వచ్చేస్తున్నాడట.

"సారీ అండి. వార్మ్‌గా ఉంటేనూ..."

డీన్ అరుస్తాడని టీ కప్పుతో సహా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఘోర నిరాశ. డీన్ పగలబడి నవ్వాడు. "గుడ్ ఆన్ యూ, మేట్రన్! ఇక రాత్రిపూట వీటిని నువ్వే చూసుకో." మేట్రన్ అంటే వార్డు పెద్ద నర్సమ్మ; జీవన్‌కి కొత్త పేరు. చల్లబడితే హీటర్ పెంచాలి, వేడెక్కితే తగ్గించాలి. ప్రతిఫలంగా ఆ నేల మీద పడుకునే హక్కు.

ఇంట్లో బీడీ కాల్చిన బాబాయిని పెళ్లికి పిలవని వంశం. వారసుడికి గంజాయి వార్డులో నైట్ డ్యూటీ.

"అన్నయ్యా, ఇది తప్పంటావా?"

"తప్పెందుకురా? మొక్కలు చేసిందీ ప్రభువేగా."

కాసేపు ఆలోచించాడు. ఒప్పుకున్నాడు. నాకే భయమేసింది, ఇంత తేలిగ్గా మనిషి ఒప్పుకోవచ్చా అని.

జులై 2

ఘోరం ఏమిటంటే, వాడు బాగా చేస్తున్నాడు. ఆకు మీద వెనకచేయి ఆనించి చూస్తాడు, జ్వరం చూసినట్టు. కుళాయి నీళ్లు మరీ చల్లనని, చెంబు హీటర్ పక్కన పెట్టి, చలి విరిగాక పోస్తాడు. ఊదారంగు పోయి పచ్చబడ్డాయి. వాటికి వృద్ధాశ్రమం బామ్మల పేర్లు పెట్టాడని నా అనుమానం. అడిగితే చెవులు ఎర్రబడ్డాయి.

డీన్ వాడి భుజం తట్టి, బేకరీ నుంచి ఒక మీట్ పై తెచ్చిచ్చాడు. వేడి వేడిది. నాకు తేలేదు.

నా గదిలో మాట్లాడితే నోట్లోంచి పొగ. ఎవరితో మాట్లాడతాను, ఉత్తినే చూడటానికి.

జులై 5

గిన్నెలు నేనే తోముకోవలసి వస్తోంది. దొరవారు మొక్కలతో బిజీ.

జులై 8, శనివారం

కాటేజ్ ప్రేయర్. తెలుగు కుటుంబాల ఇళ్లలో వంతులవారీగా జరుగుతుంది. ఈ నెల వంతు జీవన్‌ది. ఇంకోచోట పెట్టమని అడుగుదామనుకున్నాడు. "నీ వంతొచ్చినప్పుడే ఇల్లు లేదంటే ఆంటీ ఏమనుకుంటుందిరా?" అన్నాను. పెట్టాడు. డీన్ రగ్బీ చూడటానికి పోయాడు. మొక్కల్ని ఒక మూలకి నెట్టి, అడ్డంగా పక్కదుప్పటి వేలాడదీశాం.

ప్లాను: హాల్లో కూర్చోబెట్టడం. ప్లాను భంగం: హాల్లో అందరూ గజగజ. పిల్లలు "మమ్మీ, ఇట్స్ ఫ్రీజింగ్." సువార్త ఆంటీ వాళ్లాయన, ఏ ఇంటికెళ్లినా తలుపులు తీసి చూసే మహానుభావుడు, మొక్కల గది తీసి — "ఇదిగో, ఇక్కడ సుబ్బరంగా ఉంది, రండి రండి!"

వెళ్లారు. మొత్తం సంఘం హీటర్ చుట్టూ. పాటలు. కళ్లు మూసుకున్నవాళ్లలో ఆఖరివాడు జీవన్. అసలు మూశాడా?

ప్రార్థన అయ్యాక ఆంటీ ముక్కుపుటాలు కదిలాయి. దుప్పటి అంచు ఎత్తి చూసింది.

"ఏంటి బాబూ ఇవి?"

జీవన్ నోరు తెరిచాడు. అప్పుడు నేను, చరిత్ర గుర్తుంచుకోవలసిన ప్రశాంతతతో: "గోంగూరాంటీ. చలికి సరిగ్గా ఎదగట్లేదు."

"డునెడిన్‌లో గోంగూరే! అయితే పచ్చట్లోకి నాలుగాకులు కోసుకోనా?"

"వద్దండీ!" — జీవన్. ఆ కేకకి పసిపిల్ల ఏడుపు లంకించుకుంది.

ఆంటీ ఆకు వదిలేసింది. జీవన్‌ని చూసింది. "సర్లే నాయనా. ఎదగనీ." పులిహోర వడ్డించడానికి లేచింది.

గెలిచాను. అందరూ వెళ్లాక వాడు నా చేయి పట్టుకుని థాంక్స్ చెప్పాడు. అంత చలిలోనూ అరచెయ్యి తడి.

జులై 9

డీన్‌కి తెలిసిపోయింది. కుర్చీలన్నీ ఆ గదిలోనే మర్చిపోయాం. వాసన బయటికి పోవాలని కంబళి ఒక పక్క ఊడదీసి, కిటికీ కాస్త తెరిచి ఉంచమన్నాడు. అంటే ఇకమీదట బతుకంతా హీటర్ మీదే. "అది ఆగితే ఇవి పోతాయి, మేట్రన్." ఈసారి నవ్వలేదు.

జులై 12

కుళాయి గడ్డకట్టింది. పళ్లు తోమడం వాయిదా. వేళ్లు పనిచేయక స్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్ కూడా వాయిదా. పక్కగదిలో జీవన్ గురక... హాయిగా.

జులై 13

డీన్ కేకకి లేచాను.

మొక్కలన్నీ ఉడికిన తోటకూర. అన్నిట్లోకీ పొడుగుదాని తలకి మంకీ క్యాప్. దాని పక్కవాటికి చుట్టబెట్టి జీవన్ కోటు. మిగతావాటి మీద వాడి దుప్పటి. వాడేమో పల్చటి చొక్కాలో, మోకాళ్లు కావిలించుకుని గోడకి ఆనుకుని ఉన్నాడు. హీటర్ దాని చోట అది ఎర్రగా వెలుగుతోంది.

నవ్వాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. మొక్కకి మంకీ క్యాప్!

"కరెంటు పోయిందండి రాత్రి," అంటున్నాడు జీవన్, డీన్‌తో తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో. పవర్ కట్. సారీ. పవర్ కట్ అండి.

డీన్ వంటింట్లోకి వెళ్లి మైక్రోవేవ్ గడియారం చూశాడు. కరెంటు పోయుంటే సున్నాలు మిణుకుమిణుకుమంటూ ఉండాలి. సరైన టైమే చూపిస్తోంది. "ఇక్కడ పవర్ ఊరికే పోదు, మేట్." పాపం, కరెంటు పోవడమంటే ఏమిటో వాడి జీవితానికి తెలీదు. మనకి అది ఒక ఋతువు.

డీన్ నావైపు తిరిగాడు. రాత్రి పోయిందా?

నిద్రపోయాను, తెలీదు అన్నాను.

జీవన్ నన్ను చూశాడు. నేను టోస్టుని చూశాను.

జులై 14

తీర్పు: మేట్రన్ హీటర్ ఆపేసి పడుకున్నాడు, పైగా అబద్ధమాడాడు. రేపు ఖాళీ చేయాలి. అప్పీలు లేదు.

జులై 15

సూట్‌కేస్ నేనే మోశాను, వీధి చివరి దాకా. వృద్ధాశ్రమంలో పనిచేసే ఫిజీ కుర్రాడి సోఫా మీద నాలుగు రోజులు ఉంటాడట. దగ్గుతున్నాడు. కంబళి అడగలేదు. నేనూ గుర్తుచేయలేదు.

మొక్కలు లేవు కాబట్టి హీటర్ హాల్లోకి వచ్చింది. ఇల్లంతా ఎంత వెచ్చగా ఉందో! జెర్సీ విప్పి కూర్చున్నాను. డీన్ నాకు మీట్ పై తెచ్చిచ్చాడు.

జులై 16, ఆదివారం

చర్చి హాలు బయట జీవన్. అదే కోటు, ఇంకోటి లేదు.

"వాసనొస్తందా అన్నయ్యా? రెండుసార్లు ఉతికేను."

"నాకు జలుబురా," అన్నాను. జలుబు లేదు. వాసన రోడ్డుకి అవతలి నుంచే వస్తోంది.

లోపల ఆంటీ ఎప్పట్లాగే వాడి తల నిమరబోయింది. చెయ్యి గాల్లో ఆగింది. భోజనాలయ్యాక నన్ను కారు దగ్గరికి పిలిచింది.

"ఇన్నేళ్లు ఎమర్జెన్సీలో చేశాను బాబూ. గోంగూరేదో, గంజాయేదో నాకు తెలీదనుకున్నావా? ఆరోజు పిల్లలున్నారని ఊరుకున్నాను."

నేను బూటు లేసు కట్టుకోవడానికి వంగాను. అది కట్టే ఉంది.

"వాడిని అడిగాను. ఏడుస్తాడు గానీ ఎవరివో చెప్పడు. చెబితే నువ్వూ ఆ ఇంట్లోనే ఉన్నావట, నీ చదువు పోతుందట. అందుకని చెప్పడట!" ఆంటీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "రేపు సాయంత్రం వార్డు మేనేజరుకి ఒక పేరివ్వాలి. అలాంటి అలవాటున్నవాణ్ని పేషెంట్ల మధ్యకి నేను పంపలేను. నువ్వు చదువుకున్నవాడివి. నువ్వేది చెప్తే అదే నమ్ముతాను. వాడివా, కాదా?"

"ఆలోచించి చెప్తానాంటీ."

"ఆలోచించడానికేముంది నాయనా?"

జులై 17

కాదు అంటే, ఎవరివి అంటుంది. డీన్‌వి అంటే, ఆ మాట డీన్ చెవిన పడి, ఆ రాత్రి హీటర్ సంగతేమిటి అని డీన్ మళ్లీ మొదలుపెడతాడు. అవును అంటే ఏ గొడవా లేదు. సాంకేతికంగా పెంచింది వాడే కదా... ఎంత బాగా వాదిస్తున్నాను. లా చదవాల్సింది.

మధ్యాహ్నం జీవన్ ఫోన్. మాటకి ముందొకటి వెనకొకటి దగ్గు.

"ఆంటీ అడిగితే నీకు ఇబ్బంది లేకుండా చెప్పన్నయ్యా. ... ఒకటి అడగనా? కోప్పడకు. ఆ రాత్రి కరెంటు పోయిందని నువ్వే చెప్పినట్టుందండి నాకు."

"కలొచ్చిందేమోరా."

మళ్లీ దగ్గు. "అంతేలే అన్నయ్యా. కలే అయ్యుంటది." పెట్టేశాడు.

ఐదు దాటింది. బయట చీకటి పడుతోంది. ఆంటీకి ఇంకా ఫోన్ చేయలేదు.

నేను నిజంగా చేసింది ఒక్కటే. ఆ రాత్రి చలికి తట్టుకోలేక, ఆ గదిలోకి వెళ్లి, ప్లగ్గు పీకి, పడుకున్న వాడి మీదుగా హీటర్ ఎత్తి నా గదికి తెచ్చుకున్నాను. వాడు కదిలాడు. "అన్నయ్యా... కరెంటు పోయిందా?" "పోయిందిరా. పడుకో." పాలకొల్లువాడు, ఆ మాట చాలు, ఇంకేమీ అడగడు. నెల రోజుల్లో మొదటిసారి కాళ్లు చాపుకుని నిద్రపోయాను.

తెల్లారకముందే తీసుకెళ్లి మళ్లీ అక్కడే పెట్టాను. అప్పటికే టోపీ మొక్కకి ఉంది. కోటూ, దుప్పటీ కూడా. వాడు గోడకి ఆనుకుని ఉన్నాడు, నాకు ఎదురుగా. ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేశాను. హీటర్ ఎర్రబడి ఆ వెలుగు వాడి ముఖం మీద పడింది. కళ్లు మూసే ఉన్నాయి.

పళ్లు మాత్రం టకటక కొట్టుకుంటున్నాయి.