మట్టం తగ్గినప్పుడు

భాయిజాన్‌కి,

నీ షబీనా సలాం. అమ్మీకి తెలుగు చదవడం రాదు కాబట్టే తెలుగులో రాస్తున్నాను. మూడుసార్లు ఫోను చేయబోయాను, నోరు రాలేదు. గోదావరిఖని వస్తున్న నా రూమ్మేట్ రమ చేతికిచ్చి పంపుతున్నాను.

గనిలోకి మనుషుల్ని దింపే బండికి కొత్త రోప్ వేశారని, అది మా ఫ్యాక్టరీ ఉక్కేనని మొన్న సంబరంగా సర్టిఫికెట్ ఫొటో పంపావు. ఉక్కు ఏ విడతలో పోసిందో చెప్పే పోత నంబరు అందులో చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

నా పని నీకు తెలుసు. కరిగిన ఉక్కు అచ్చులోకి పోయేముందు ఒక తొట్టిలో కాసేపు ఆగుతుంది. మలినాలు పైకి తేలాలి, శుభ్రమైనది అడుగు నుంచి పోవాలి. ఆ ఉక్కు ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టేది నేనే. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే లెక్కగట్టాను. కానీ పైనుంచి తొట్టిలోకి ఉక్కు పోసే కుండ మార్చేటప్పుడు మట్టం పడిపోతుంది. మన ఇంట్లో డ్రమ్ము అడుగంటేటప్పుడు పైన తేలే వేపాకు సుడి తిరిగి నల్లాలోకి పోతుందే, అట్లాగే మలినం అచ్చులోకి పోయి ఉక్కును బలహీనం చేస్తుంది. ఇదివరకు ఆ కాసేపట్లో పోసిన ముక్కను కోసి పక్కన పడేసేవాళ్లు. అలా కోయడం అక్కర్లేదని నేను రిపోర్టు రాశాను. మీ రోప్ ఉక్కు ఆ రిపోర్టు తర్వాత పోసిందే.

తప్పు తెలిసి పది రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకా భయం. రోప్ తెగకపోవచ్చు. కానీ నువ్వు మాత్రం ఆ బండి ఎక్కకు. నడుము నొప్పని సెలవు పెట్టు. ఈ కాగితం చించెయ్.

భయంతో,
నీ చెల్లి షబీనా

షబ్బూ,

నీ ఉత్తరం చించలే. జేబుల పెట్టుకొని డ్యూటీకి పోయిన. నాతోని పనిచేసే రాయమల్లు కాక ఎప్పట్లెక్క బండిల ముందు సీట్ల కూసున్నడు. "జల్ది ఎక్కురా అస్గర్, షిఫ్టు టైమైతాంది" అన్నడు. నన్నొక్కన్నే ఎక్కొద్దని రాసినవ్. ఆ బండిల ముప్పై మంది ఎక్కుతరు.

"కాకా, అందరు దిగుండ్రి" అన్న. "ఏందిరా, ఏమైంది?" అంటే నీ ఉత్తరమే చదివిన. ఒక్కొక్కలు దిగిన్రు.

బండి ఆపిన్రు. రోప్ ముక్క కోసి పరీక్షకు పంపిన్రు. ఉత్తరం మా గని మేనేజర్ సాబ్ దగ్గరున్నది. ఇచ్చేముందు నీ పేరు కొట్టెయ్యమన్నడు కాక, "పిల్ల బతుకు ఆగమైతది" అని. నేనే వద్దన్న. నీకు కోపమొస్తే రానీ. ఆ ఉక్కు ఇంకా ఎక్కడెక్కడికి పోయిందో చెప్పగలిగేది నువ్వొక్కదానివే.

ఫోను చేస్తే ఎత్తుతలేవు. అందుకే రమ తిరిగి అటు పోతుంటే ఈ కాగితం ఇస్తున్న. సోమవారం పొద్దున మీ ఫ్యాక్టరీ గేటు కాడ ఉంట. ఇద్దరం కలిసి లోపలికి పోదాం. అమ్మీకి గుడ నీ ఉత్తరం చదివి చెప్పిన. ఇప్పుడు తను గుడ వస్తనంటాంది.

నీ భాయి
అస్గర్